అసలుదే, కానీ ఈ బండిది కాదు

నా బల్ల మీద ఒక చిన్న అట్టపెట్టె ఉంది. లోపల జావా మోటారుసైకిలు పెట్రోలు కాక్. 1964 నాటి స్టాకని, ఇంతవరకు సీలు విప్పలేదని అమ్మినాయన ఒట్టేసి మరీ చెప్పాడు. పెట్టె చూస్తే నమ్మబుద్ధయ్యేలాగే ఉంది. మూలలు నలిగాయి, అట్ట టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన రంగులో ఉంది. అది పోలిక కాదని, నిజంగానే ముంచి ఆరబెట్టారని తరవాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే, పెట్టె అడుగున కంపెనీ చిరునామా అచ్చేశారు. మైసూరు, పక్కన ఆరంకెల పిన్‌కోడ్. మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. అంటే పోస్టల్ శాఖ కంటే ఎనిమిదేళ్ల ముందే పిన్‌కోడ్ కనిపెట్టిన అట్టపెట్టె అన్నమాట. పద్దెనిమిది వందలు పోశాను. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఈ వ్యాసం మాత్రం మిగిలింది.

బండి మా మావయ్యది. ఊరు ఎచ్చెర్ల. చేసింది బడిపంతులు ఉద్యోగం, కొన్నది 1964 జావా 250. పాతికేళ్లు తొక్కి తొక్కి చివరికి పశువుల సాలలో నిలబెట్టేశాడు. బుడగట్లపాలెం సముద్రం ఈ మండలంలోదే. అక్కణ్ణించి వచ్చే గాలికి మొహమాటం లేదు, ఇనుము ఎక్కడ కనబడితే అక్కడ కూర్చుంటుంది. గోనెసంచులు తీసి చూసేసరికి క్రోమియం మచ్చలు పడిపోయి, రిమ్ములు రేకులు రేకులుగా లేచిపోయి, ట్యాంకు లోపల తుప్పు గలగలలాడుతోంది. బాగు చేయిద్దామని నేనే అన్నాను. అప్పటికి నాకు 'ఒరిజినల్' అనే మాటకి ఒకే అర్థం ఉంటుందని నమ్మకం.

చిలకపాలెం జంక్షన్‌కి ఇవతల హైవే పక్కన రేకుల షెడ్డులో పాత బళ్లు చూసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నేను పోగుచేసుకెళ్లిన సామాన్ల సంచి ఆయన ముందు కుమ్మరించాను. ఒక్కొక్కటీ వేళ్లతో తిప్పి చూసి రెండు కుప్పలు పెట్టాడు. మొదటి కుప్ప డూప్లికేట్లు, అది ఊహించిందే. రెండో కుప్ప చూపించి అన్నాడు: "ఇవన్నీ ఒరిజినలే బావూ. గానీ ఈ బండివి కావు."

ఆ రెండో వాక్యం దగ్గరే పాత బళ్ల మీద సగం డబ్బు తగలబడుతుంది. డూప్లికేటు అంటే అందరికీ భయమే, అందుకే జాగ్రత్తపడతాం. అసలు సామాను అనగానే మాత్రం జేబు వదులవుతుంది. కానీ ఒక సామాను అసలుదా కాదా అన్నది ఒక ప్రశ్న, ఈ బండికి, ఈ సంవత్సరానికి అది సరైనదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు సామానులోనే దొరుకుతుంది. రెండోదానికి దొరకదు, బండి చరిత్ర తెలియాలి.

జావా సంగతే చూడండి. ఈ పేరులో ఇండోనేషియా దీవికి వాటా లేదు. చెకోస్లొవేకియాలో ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ మోటారుసైకిలు డిజైను కొని మొదలుపెట్టాడు, రెండు పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి రెండేసి అక్షరాలు కలిపితే జావా. మన దేశంలో ఇరానీ కుటుంబం మైసూరులో ఐడియల్ జావా పెట్టి 1961 నుంచి తయారు చేసింది. మొదట్లో చాలా సామాను చెక్ దేశం నుంచే వచ్చేది, పోనుపోను ఒక్కొక్కటే ఇక్కడ తయారవడం మొదలైంది. 1973 నుంచి బండి పేరు యెజ్డి అయింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ముప్పయ్యయిదేళ్లు ఒకే గేటులోంచి బయటికొచ్చిన సామానంతా 'కంపెనీ ఒరిజినలే'. 1964 బండికి 1980ల యెజ్డి కార్బురేటర్ బిగిస్తే అదీ కంపెనీ సామానే, బండీ నడుస్తుంది, బహుశా ఇంకొంచెం బాగానే నడుస్తుంది. కాకపోతే తాతగారి పెళ్లిఫోటోలో ఆయన చేతికి మనవడి వాచీ తొడిగినట్టు ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బండి ఫ్యాక్టరీలు అన్నీ సొంతంగా చేసుకోవు. బేరింగు ఒకరు, కేబులు ఒకరు, రబ్బరు ఒకరు చేసిస్తారు. ఆ చేసిచ్చినవాడే అదే అచ్చులో తీసిన సామాను కంపెనీ ముద్ర లేకుండా బజారులోనూ అమ్ముకుంటాడు. దాన్ని ఏమనాలి? ముద్ర లేదు కాబట్టి డూప్లికేటనాలా, అచ్చు అదే కాబట్టి అసలుదనాలా? మేస్త్రి దగ్గర దీనికి తత్వశాస్త్రం లేదు. "పేరు సూసి పెళ్లి సేసుకుంటామేటి బావూ, పోత సూడు" అన్నాడు.

పోత దగ్గరికి వద్దాం. పేరు అచ్చు గుద్దడం ఎవరికైనా చేతనవును, పోత అంత తేలిక కాదు. ఫ్యాక్టరీలో అల్యూమినియం సామాను ఎక్కువగా ఉక్కు అచ్చులో పోస్తారు. పైచర్మం నున్నగా, బిగుతుగా వస్తుంది, అక్షరాల అంచులు పదునుగా నిలుస్తాయి. చిన్న కొలిమిలో నకలు తీసేవాడు అసలు సామానునే నమూనాగా పెట్టి ఇసకలో అచ్చు తీస్తాడు. అందులో రెండు తప్పులు తప్పవు. ఇసక గరుకు పైన దిగుతుంది, పాలిషు పట్టినా సందుల్లో మిగిలిపోతుంది. రెండోది ఇంకా నమ్మకమైన సాక్ష్యం. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అల్యూమినియం అయితే నూటికి ఒక వంతు పైనే. ఆ లెక్క కలుపుకోకుండా అసలుదాన్నే అచ్చుగా వాడితే నకలు ఎప్పుడూ కాస్త పొట్టిదవుతుంది. వంద మిల్లీమీటర్ల మూత తొంభై తొమ్మిది లోపే తేలుతుంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే బయటపడుతుంది. స్క్రూలు మూడు పడి నాలుగోది పడనప్పుడు స్క్రూని తిట్టి లాభం లేదు. బుడితి కంచు పని దగ్గర నిలబడి చూసినవాళ్లకి ఈ కుదింపు లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

తరవాత గట్టిదనం. జావాలో ఒక వింత ఉంది: గేరు కడ్డీ, కిక్ కడ్డీ ఒకటే. ముందుకి ఉన్నప్పుడు గేరు, లోపలికి నొక్కి పైకి తిప్పి వెనక్కి తెచ్చుకుంటే కిక్. పైగా ఆ కడ్డీని కాలితో కదిపితేనే క్లచ్ కూడా విడిపోతుంది. ఒక్క కడ్డీతో మూడు పనులు చేయించుకున్న చెక్ ఇంజనీర్ల పొదుపు చూస్తే మన గృహిణులు కూడా మెచ్చుకుంటారు. ఆ పొదుపుకి కూలి ఇచ్చేది కడ్డీ లోపలి పళ్లు. అసలు కడ్డీ ఉక్కుని కాల్చి గట్టిపరిచింది. నకలు కడ్డీ మామూలు ఇనుము మీద క్రోమియం. రెండూ పక్కపక్కన పెడితే నకలే ఎక్కువ మెరుస్తుంది. తేడా తెలియాలంటే ఆకురాయి తీసుకుని, కనబడని లోపలి అంచు మీద ఒక్కసారి గీయాలి. గట్టి ఉక్కు మీద ఆకురాయి జర్రున జారిపోతుంది. మెత్తటి ఇనుమైతే పట్టుకుని కొరుకుతుంది. కొట్టువాడు ఆకురాయి పెట్టనివ్వకపోతే అది కూడా ఒక జవాబే.

మర సంగతి చెప్పాలంటే జావా దగ్గర కాకుండా బుల్లెట్ దగ్గర చెప్పుకోవాలి, ఎందుకంటే జావా మొదటినుంచీ మెట్రిక్. బుల్లెట్ ఇంగ్లండులోని రెడిచ్ ఊరిది. మన సైన్యం కోసం దిగుమతి చేసుకోవడంతో మొదలై, 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. ముందు విడిభాగాలు తెచ్చి బిగించేవారు, తరవాత రెడిచ్ యంత్రాలే ఇక్కడికి చేరాయి. వాటితో పాటు ఇంగ్లీషు మరలూ వచ్చాయి. ఉక్కు బోల్టులకి అంగుళానికి 26 చుట్ల సైకిలు మర, అల్యూమినియంలోకి దిగేచోట విట్‌వర్త్ ముతక మర. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. పాత బుల్లెట్‌కి మామూలు స్పానర్ పెడితే ఒకటి వదులు, పక్కది ఎక్కదు, బోల్టు తలల కొలతలు కూడా ఇంగ్లీషువే కాబట్టి.

ఇందులో ఒక మోసకారి జత ఉంది. అంగుళంలో పదహారింట అయిదు వంతుల సైకిలు మర బోల్టు అంటే 7.94 మి.మీ., చుట్టుకి చుట్టుకి దూరం 0.977 మి.మీ. ఎనిమిది మి.మీ. సన్నమర మెట్రిక్ నట్టుకి ఆ దూరం సరిగ్గా ఒక మి.మీ. ఎంత దగ్గరంటే నట్టు హాయిగా ఎక్కుతుంది. మూడు నాలుగు చుట్లు చేతితోనే తిరుగుతుంది. ఒక్కో చుట్టుకి వెంట్రుకవాసి తేడా పోగవుతూ ఆ తరవాత బిగుసుకుంటుంది. బాగా టైటైందని మనం సంతోషిస్తాం. నిజానికి అక్కడ మర నలుగుతోంది. తరవాత ఎప్పుడో గతుకుల్లో నట్టు రాలిపోతుంది. కాబట్టి పాత బుల్లెట్ బోల్టు అసలుదా కాదా అని తలమీది అక్షరాలు చూసేముందు మర లెక్కపెట్టుకోవాలి. మర కొలిచే పళ్ల గేజి చవక, ఇంజిను చవక కాదు.

బుల్లెట్ మాట వచ్చింది కాబట్టి ట్యాంకు మీది పేరు గురించీ రెండు ముక్కలు. ఇప్పుడు దారిలో కనబడే ప్రతి పాత బుల్లెట్ మీదా 'రాయల్ ఎన్‌ఫీల్డ్' అని మెరుస్తూ ఉంటుంది. 1970, 80ల్లో మద్రాసులో తయారైన బుల్లెట్ల ట్యాంకుల మీద ఉన్నది 'ఎన్‌ఫీల్డ్' మాత్రమే. ఐషర్ కంపెనీ చేతికి వచ్చాక 1990ల మధ్యలో కదా 'రాయల్' తిరిగొచ్చింది. 1982 బండికి ఆ బిళ్ల అతికించేవాళ్లు బండికి రాజరికం వచ్చిందనుకుంటారు. తెలిసినవాడికి మాత్రం అద్దె కిరీటంలా కనబడుతుంది. ఇంక 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' స్టిక్కర్ల గురించి చెప్పను, ఆ స్టిక్కర్ ఎక్కడ తయారైందో అందరికీ తెలుసు.

చిరునామాలతో, పేర్లతో కాలం పట్టడం నాకు ఆ పెట్రోలు కాక్ నేర్పిన విద్య. అలవాటు పడితే వదలదు. చెక్ సామాను మీద 'చెక్ రిపబ్లిక్' అని ఉంటే అది 1993 జనవరి తరవాతిది. అంతకుముందు ఆ పేరున దేశం లేదు, ఉన్నది చెకోస్లొవేకియా. పెట్టె మీద 'చెన్నై' ఉంటే 1996 తరవాతిది. ఇంగ్లీషులో మైసూర్ కాస్తా మైసూరు అయింది 2014 నవంబరులో. ధర 'నయాపైసల్లో' ఉంటే 1957కీ 1964కీ మధ్యది. వీటిలో ఏదీ రహస్యం కాదు, పాతపెట్టెలు అచ్చువేసేవాళ్లకి చరిత్ర మీద శ్రద్ధ లేకపోవడమే మన అదృష్టం. కాగితాలకీ ఇదే పద్ధతి. 1968లో కొన్నట్టు చూపించిన రసీదులో 'విజయనగరం జిల్లా' అని ఉంటే నవ్వి వచ్చేయండి. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లోంచి కొంత కొంత విడదీసి ఆ జిల్లా చేసింది 1979 జూన్ 1న. అలాగే శ్రీకాకుళం కోడ్ ఏపీ 30 నంబరుతో 1964 బండి కనబడితే అనుమానించాల్సిన పని లేదు గానీ, అడగాల్సిన పని ఉంది. జిల్లాలవారీ కోడ్‌లు 1989లో కొత్త మోటారు వాహనాల చట్టంతో వచ్చాయి. ఆ బండి తొలి నంబరు ఇంకోటి అయ్యుండాలి, అది ఎక్కడుంది, ఎందుకు మారింది?

పైపూత విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. క్రోమియం అని మనం పిలిచే మెరుపులో నిజంగా క్రోమియం ఒక మైక్రాన్ కూడా ఉండదు. దాని కింద ఎన్నో రెట్లు మందంగా నికెల్ ఉంటుంది, తుప్పుని ఆపేది ఆ నికెలే. నికెల్ కక్కుర్తి పడితే కొత్త సామాను కూడా రెండు వర్షాకాలాల్లో పొడలు పొడలుగా లేచిపోతుంది, సముద్రపు గాలి ఉన్న మా మండలంలో ఒకటే చాలు. అరవై ఏళ్ల పాత సామాను మచ్చలుపడినా పొర ఊడకుండా ఉందంటే దాని కింద ఎవరో నిజాయితీగా నికెల్ పోశారని అర్థం. ఇంకో సంగతి: ఫ్యాక్టరీ అన్నిటికీ క్రోమియం వేయలేదు. నట్లకీ బోల్టులకీ చాలాచోట్ల మసక వెండిరంగు పూత, కొన్నిచోట్ల నల్లరంగు, అంతే. ఇప్పుడు బాగుచేసిన బళ్లలో చైను కవరు లోపలి బోల్టు కూడా అద్దంలా మెరుస్తోంది. పెళ్లికొడుకుని చూడ్డానికి వెళ్తే పెళ్లికూతురి నగలన్నీ వాడే పెట్టుకుని కూర్చున్నట్టు.

రంగు చరిత్ర చెబుతుంది, ఎక్కడ అడగాలో తెలిస్తే. ట్యాంకు బయటివైపు గీకి చూసి లాభం లేదు, అక్కడ నలుగురు పెయింటర్ల అభిప్రాయాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ట్యాంకు పక్కన మోకాలి రబ్బరు తీసి దాని వెనక చూడాలి. బిళ్ల కింద, సీటు కింద, టూల్‌బాక్సు లోపల, తరవాతి పెయింటరు బద్ధకించిన ప్రతిచోటా చూడాలి. మావయ్య బండి బయటికి ఆకుపచ్చ. దాని కింద నీలం. రబ్బరు వెనక వేలిగోరంత మేర ముదురు మెరూన్, దాని అంచున సన్నగా బంగారు గీత తునక. మావయ్యకి చూపిస్తే కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "ఔన్రా, ఎరుపే. నీలం ఏయించింది మీ అత్త వచ్చాక" అన్నాడు. ఆకుపచ్చ ఎవరు వేయించారో చెప్పలేదు. నేనూ అడగలేదు.

పిస్టన్ దగ్గర ఈ 'సరైనది' అనే మాట ఇంకో మెలిక తిరుగుతుంది. జావా 250 బోరు 65 మి.మీ., స్ట్రోకు 75. పెట్టెలో కొత్తగా 65 మి.మీ. స్టాండర్డ్ పిస్టన్ దొరికింది, అసలైన కాలంది, ముద్ర, పోత, బరువు అన్నీ సరిపోయాయి. బండికి మాత్రం పనికిరాలేదు. పాతికేళ్లలో మావయ్య రెండుసార్లు బోరు కొట్టించాడు, సిలిండరు ఇప్పుడు 65.50. అందులో స్టాండర్డ్ పిస్టన్ వేస్తే గంటలో గుడిగంట. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్, ఈమధ్య తయారైందే, కొని వేశాం. ఆ స్టాండర్డ్ పిస్టన్ ఇప్పుడు మా ఇంట్లో కాగితాలు ఎగరకుండా పనిచేస్తోంది. అసలు సామాను ఏ పనికీ రాదని ఎవరన్నారు?

క్రాంక్‌కేసు రెండు చిప్పలకీ ఇలాంటి లెక్కే. రెండిటినీ జతచేసి బిగించి, అప్పుడు బేరింగు రంధ్రాలు చెక్కుతారు. ఒక ఇంజిను ఎడమ చిప్ప, ఇంకో ఇంజిను కుడి చిప్ప తెచ్చి కలిపితే రెండూ అసలువే, కానీ వాటికి పెళ్లి కాలేదు. సిలిండరు కూర్చునే పైముఖం మీద అతుకు అడ్డంగా గోరుతో గీస్తే మెట్టు తగులుతుంది. తగలకపోతే అదృష్టం. తగిలితే, పేపరు గ్యాస్కెట్లు దొంతరగా వేసి సర్దేస్తానని ఎవరైనా అంటే వినకండి. టూ స్ట్రోకులో క్రాంక్‌కేసు కూడా గాలిపంపులా పనిచేస్తుంది, అక్కడ కన్నం ఉంటే బండి ముక్కుతుంది.

ఇక సైలెన్సర్లు. చాలామంది దీన్ని అలంకారం కింద లెక్కేస్తారు. టూ స్ట్రోకులో అది ఇంజినులో భాగం. పొగ బయటికి పోతూ గొట్టంలో ఒక అల లేపుతుంది. ఆ అల చివర తగిలి వెనక్కి వస్తుంది. వచ్చే వేళకి సిలిండరు ద్వారం ఇంకా తెరిచి ఉంటే, బయటికి జారబోతున్న తాజా పెట్రోలుగాలిని లోపలికి నెడుతుంది. ఆ అల ఎప్పుడు రావాలో నిర్ణయించేది గొట్టం పొడుగు, లావు, లోపలి జాలీ. లోపలి జాలీ పీకేసి 'సౌండు అదిరింది' అనేవాడి బండి ఎత్తు ఎక్కేటప్పుడు చూడండి, సౌండు ఒక్కటే ఎక్కుతుంది.

జావాకి సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు, చెరోపక్కా ఒకటి. మావయ్య బండికి కుడిది చక్కగా ఉంది, ఎడమదానికి చివర సొట్ట. సొట్టది తీసేసి, రెండూ ఒకలా ఉండేలా కొత్త జత కొందామని డబ్బు కూడా సిద్ధం చేశాను. అప్పుడు అత్తయ్య ట్రంకుపెట్టెలోంచి 1966 పెళ్లిఫోటో తీసింది. నలుపు తెలుపు. మావయ్య బండి మీద, మెడలో దండ, మొహంలో కెమెరా భయం. వెనక ఎవరో పిల్లాడు సీటు పట్టుకుని నిలబడ్డాడు. భూతద్దం పెట్టి చూశాను. ఎడమ సైలెన్సర్ చివర, సరిగ్గా ఇప్పుడున్నచోటే, అదే వంకరతో, సొట్ట.

రెండేళ్ల బండికే సొట్ట ఎలా పడిందని అడిగితే మావయ్య గొంతు సవరించుకున్నాడు. అత్తయ్య చెప్పింది. పెళ్లిచూపులకి వస్తూ వాళ్ల వీధి అరుగుకి గుద్దాడట. మేస్త్రి రెండు సైలెన్సర్లూ విప్పి చెరో చేత్తో తూచాడు. నునుపుగా, అందంగా ఉన్న కుడిది తేలిక. పలుచ రేకు, లోపల జాలీ పేరుకే. ఎప్పుడో మార్చిన లోకల్ సరుకు. బండి మొత్తంలో ఫ్యాక్టరీ నుంచి ఈ బండితోనే వచ్చిందని కాగితం మీద చూపించగలిగిన సామాను ఒక్కటే ఉంది. అది నేను పారేయబోయిన సొట్ట సైలెన్సరు.

అందుకే పాత బండి విప్పే ముందు విప్పేవాళ్లకి ఒకటే చెబుతాను: ముందు ఇంట్లో ఆల్బమ్‌లు విప్పండి. ఫ్యాక్టరీ విడిభాగాల పుస్తకం దొరికితే మహాభాగ్యం. అందులో ప్రతి సామానుకీ బొమ్మ, నంబరు ఉంటాయి. కానీ పుస్తకం చెప్పేది అలాంటి బండ్లన్నిటి గురించి. మీ బండి గురించి చెప్పేది పెళ్లిఫోటో.

యువతకి మాత్రం జావా మీద కంటే యమహా ఆర్‌ఎక్స్ 100 మీద మోజు. ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది, సాయంత్రం హైవే మీద ఆ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. 1985 నుంచి 1996 దాకా తయారైన బండి, బోరు 50, స్ట్రోకు 50, గుర్రాలు పదకొండు. తొలి బళ్లు జపాన్ నుంచి వచ్చిన కిట్లతో బిగించారు కాబట్టి 'జపాన్ ఇంజిన్' అంటే ఒక ధర, మామూలుదైతే ఒక ధర. జపాన్ నుంచి ఓడలో దిగిన వాటికంటే ఇప్పుడు మా చుట్టుపక్కల తిరుగుతున్న జపాన్ ఇంజిన్లే ఎక్కువని నా అనుమానం. ఇంజిను నంబరు ముందు 1ఎల్1 అని ఉండాలని అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఆ గుద్దే పంచ్‌లకీ గిరాకీ. అక్షరాలు చదవడం కాదు, అక్షరాల చుట్టూ చూడాలి. ఫ్యాక్టరీలో నంబరు గుద్దే చోట పోత చర్మం ఒక తీరుగా ఉంటుంది. పాత నంబరు రుద్దేసినచోట ఆకురాయి గీతలు, చిన్న పల్లం, అంకెలు వరస తప్పి పైకీ కిందకీ. రాజ్‌దూత్ 350ది ఇంకో కథ. 1983లో వచ్చిన ఆ యమహా బండిలో హెచ్‌టీ, ఎల్‌టీ అని రెండు రకాలు. బలం ఎక్కువున్నది హెచ్‌టీ. అమ్మకానికి వచ్చే ప్రతిదీ హెచ్‌టీయే.

నంబర్ల విషయంలో పరాచికాలు ఇక్కడితో ఆపాలి. ఆర్‌సీలో ఉన్న ఇంజిను, ఛాసిస్ నంబర్లతో బండి మీదివి కలవకపోతే ఎంత అందమైన బండైనా వదిలేయాలి. అది దొంగబండి కావచ్చు, రెండు బళ్లని కలిపి కుట్టింది కావచ్చు. ఏదైనా తరవాత పోలీసు స్టేషను అరుగు మీద కూర్చునేది మీరే.

ఈ 'అసలు రూపం' అన్నది ఇప్పుడు సరదా మాట కూడా కాదు, 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోకి ఎక్కింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూ వీలర్లు, కార్లు వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. నంబరులో రాష్ట్రం కోడ్ తరవాత 'వీఏ' అని వస్తుంది. కొత్త నమోదుకి 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకి 5,000, గడువు పదేళ్లు. రోజువారీ తిరుగుడికీ వ్యాపారానికీ వాడకూడదు. షరతు ఏమిటంటే, బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌నో, బాడీనో, ఇంజిన్నో మార్చేసేటంత మరమ్మతు జరిగుండకూడదు. నియమం రాసినవాళ్లు మన పల్లెల్లో బండికి జరిగే మరమ్మతులు చూసి రాశారో చూడకుండా రాశారో గానీ, ట్రాక్టరు సామానుతో లేచి నిలబడిన జావాలని నేను కళ్లారా చూశాను.

పెట్రోలు కాక్ చివరికి ఏమైందంటే, మావయ్య సాలలో డబ్బా అడుగున పాతది దొరికింది. మేస్త్రి వాషరు మార్చి బిగించాడు. రోజుకి రెండు చుక్కలు కారుతుంది, కింద కొబ్బరిచిప్ప పెట్టాం. కుడి సైలెన్సరు లోపల జాలీ సరైన పొడుగులో చేయించాం. ఎడమదాని సొట్ట అలాగే ఉంచాం. పెయింటరుకి ఇది నచ్చలేదు, తన పనికి మచ్చ అన్నాడు. రంగు మాత్రం ఆ వేలిగోరంత మెరూన్‌కి పోల్చి వేశాడు.

మిగిలింది తాళంచెవి. ఈ జావాలకి ఇగ్నిషన్ తాళంచెవి అంటే దాదాపు ఒక మేకే. తల ఉన్న సన్నటి ఇనుపకడ్డీ, హెడ్‌లైటు మీదున్న కన్నంలోకి గుచ్చితే కరెంటు కలుస్తుంది. సరిపోయే మేకు ఏదైనా పనిచేస్తుంది. దొంగల మీద ఆ చెక్ ఇంజనీర్లకి ఎంత నమ్మకమో. అసలు తాళంచెవి కోసం నేను మూడు ఊళ్లు వెతికాను. దొరికింది కూడా, సరైన కాలంది, సరైన పోతది, పిన్‌కోడ్ లేని పెట్టెలో.

బండి స్టార్టు చేసే రోజు దాన్ని మావయ్య చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి నా జేబులోనే వేశాడు. మొలతాడుకి కట్టుకున్న తాళాల గుత్తి తీశాడు. బీరువా తాళం, పెట్టె తాళం, వాటి మధ్య అరిగి నున్నబడ్డ రెండంగుళాల మేకు.

"అది పెళ్లయిన ఏడే పోయిందిరా. అప్పట్నించీ ఇదే" అన్నాడు, గుచ్చి.